ఇంజిన్ దించేముందు తుడిచి చూడండి

విజయవాడలో ఐటీఐ మోటార్ మెకానిక్ విద్యార్థుల ముందు ఆటోనగర్ మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, ఇన్‌స్ట్రక్టర్ గార్లకి నమస్కారం. వెనక నిలబడ్డ డ్రైవర్ అన్నలు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇది మీకు కూడా పనికొచ్చే విషయమే.

వచ్చేటప్పుడు షెడ్డు దగ్గర ఒక పాత పెట్రోల్ కారు చూసే ఉంటారు. ఇంజిన్ ఆయిల్ కారుతోందని ఆ ఓనరు రెండు చోట్ల చూపించారట. రెండు చోట్లా ఒకటే మాట: ఇంజిన్ దించాలి. ఆయన భయపడి బండి అలాగే వాడుతున్నారు. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మీ సీనియర్లు ఇద్దరు, నేను కలిసి దాన్ని కిరోసిన్‌తో కడిగాం. గాలి కొట్టి బాగా ఆరబెట్టాం. తర్వాత ఇరవై నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచి, కింద తెల్ల అట్ట పరిచి వదిలేశాం. నా మాటలు అయ్యాక అందరం వెళ్ళి చూద్దాం. అప్పటిదాకా ఎవరూ దాని దగ్గరికి వెళ్ళకండి, అట్ట కదిలించకండి.

సరే. ఆయిల్ లీకు అంటాం. కానీ లీకులన్నీ ఒకటేనా? కాదు. ఒకటి చెమర్చడం. రెండు భాగాల మధ్య పెట్టే ప్యాకింగ్ చుట్టూ తడి ఉంటుంది, దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది, చుక్క మాత్రం కింద పడదు. పాత ఇంజిన్‌కి అది ఉంటుంది. రాసి పెట్టుకుని, సర్వీసుకి వచ్చినప్పుడల్లా చూస్తే చాలు. రెండోది చుక్క పడటం. మూడోది ధార కట్టడం. ధార కడితే బండి అక్కడే ఆపాలి, ఇంటిదాకా పోదాం అనుకోకూడదు.

చుక్కకి ఒక లెక్క చెప్తాను, రాసుకోండి. ఒక మిల్లీలీటరు ఆయిల్‌కి 20 నుంచి 30 చుక్కలు వేసుకుందాం. పది సెకన్లకి ఒక చుక్క పడితే గంటకి 360 చుక్కలు, అంటే 12 నుంచి 18 మిల్లీలీటర్లు. రోజుకి ఎనిమిది గంటలు తిరిగే ట్యాక్సీకి అది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. చాలా కార్లలో ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ మీద పై గీతకీ కింద గీతకీ మధ్య తేడా దాదాపు ఒక లీటరు. అంటే వారం, పది రోజుల్లో పై గీత నుంచి కింద గీతకి వచ్చేస్తుంది. డ్రైవర్ అన్నలూ, వారానికొకసారి డిప్‌స్టిక్ తీసి చూస్తున్నారా? ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. ఆ లైటు ఆయిల్ తగ్గిందని చెప్పేది కాదు, ప్రెషర్ పోయిందని చెప్పేది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో, పనిచేసే షెడ్డు పేరు వద్దులెండి, ఒక డీజిల్ జీపు వచ్చింది. గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే చోట కింద నుంచి ఆయిల్ కారుతోంది. చూడగానే క్రాంక్ వెనక సీల్, అంటే ఇంజిన్‌లో తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు రింగు, పోయింది అనుకున్నాం. అనుకున్నాం అంతే, చూడలేదు. గేర్‌బాక్స్ దించాం. రెండు రోజులు పట్టింది. సీల్ మార్చాం, మళ్ళీ ఎక్కించాం. మూడో రోజు బండి తిరిగి వచ్చింది, అదే చోట అదే చుక్క. ఓనరు ఒక రైతు. ఆయన గట్టిగా మాట్లాడలేదు, బండి కింద చెయ్యి పెట్టి, ఆయిల్ అంటిన వేళ్ళు నాకు చూపించాడు. అప్పుడు పైనుంచి కిందదాకా కడిగి చూస్తే తేలింది, ఇంజిన్ నెత్తిన ఉండే మూత, ట్యాపెట్ కవర్ వెనక మూల నుంచి ఆయిల్ దిగి, ఇంజిన్ వీపు మీదుగా జారి, గేర్‌బాక్స్ ఇంజిన్‌కి కలిసే డొప్ప, బెల్ హౌసింగ్ అంచున చుక్క కడుతోంది. పోయింది ట్యాపెట్ కవర్ ప్యాకింగ్. గంట పని. ఆయన రెండు రోజుల కూలి, బండి లేని రోజులు, ఆ డబ్బు, అన్నీ మేం చూడకపోవడం వల్ల పోయాయి. ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. అందుకే ఈ రోజు మీకు ఇది చెప్పాలని వచ్చాను.

ఆయిల్ ఎక్కడ పడుతోందో అక్కడే పుట్టింది అనుకోకండి. ఆయిల్ కిందికి జారుతుంది, అది మీకు తెలుసు. బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి కూడా పోతుంది. కాబట్టి తడి మొత్తంలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటు వెతకండి. లీకు అక్కడుంటుంది. కింద ఉన్న తడంతా దాని దారే.

ఆ చోటు దొరకాలంటే ముందు ఇంజిన్ శుభ్రంగా ఉండాలి. సంవత్సరాల జిడ్డు, మట్టి పేరుకున్న ఇంజిన్ మీద ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. చల్లటి ఇంజిన్ మీద డీజిల్ గానీ కిరోసిన్ గానీ బ్రష్షుతో కొట్టి, కాటన్ వేస్ట్‌తో తుడవండి. ఆల్టర్నేటర్, కనెక్టర్లు, గాలి లాగే నోరు ప్లాస్టిక్ కవర్లతో కట్టేయండి. సైలెన్సర్ మానిఫోల్డ్ మీద కిరోసిన్ తడి ఉండగా స్టార్ట్ చేయకండి, మంటలు వస్తాయి. పూర్తిగా ఆరాక అనుమానం ఉన్న చోట్ల పిల్లలకి వేసే పౌడరు పల్చగా చల్లండి. తెల్ల పౌడరు మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు. పౌడరు డబ్బాకి పెద్ద ఖర్చేమీ లేదు. అంతకంటే మంచి పరికరం కావాలంటే ఆయిల్‌లో కలిపే రంగు మందు ఉంది, అల్ట్రావయొలెట్ లైటు వేస్తే పచ్చగా మెరుస్తుంది. పెద్ద షెడ్లలో ఉంటుంది. మనకి చాలాసార్లు పౌడరే సరిపోతుంది.

కారేది ఇంజిన్ ఆయిలేనా, అది కూడా చూసుకోండి. వేలికి రాసుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం వాసన ఘాటుగా వస్తుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బళ్ళలో ఎర్రగా ఉంటుంది. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ నీళ్ళలా ఉంటుంది. నాలుకకి మాత్రం తగిలించకండి, కూలెంట్ విషం.

బ్రీదర్ చూడకుండా సీల్ మార్చకండి

ఇది చాలామంది వదిలేసే విషయం. నెమ్మదిగా చెప్తాను.

ఇంజిన్‌లో పేలుడు జరిగినప్పుడు కొంచెం గ్యాస్ పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, క్రాంక్ కేసులోకి దిగుతుంది. కొత్త ఇంజిన్‌లో కూడా దిగుతుంది. ఆ గ్యాస్ బయటికి పోవడానికే బ్రీదర్ పెట్టారు. ఆ గొట్టం బురద లాంటి జిడ్డుతో పూడిపోయిందనుకోండి, గ్యాస్ ఎటు పోవాలి? లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. మీరు ముందు సీల్ మారుస్తారు, వెనక నుంచి కారుతుంది. వెనకది మారుస్తారు, ట్యాపెట్ కవర్ నుంచి కారుతుంది. తప్పు సీల్‌ది కాదు కదా!

పెట్రోల్ కార్లకి తేలికైన పరీక్ష ఉంది. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటికి పల్చటి రబ్బరు గ్లౌజు తొడగండి. గ్లౌజు కొంచెం లోపలికి లాక్కుంటే బ్రీదర్ పనిచేస్తోంది. బుడగలా ఉబ్బితే లోపల ఒత్తిడి ఉంది. బ్రీదర్ దారిలో ఉండే పి.సి.వి. వాల్వ్ తీసి ఊపండి, లోపల టకటకమని ఆడాలి. ఆడకపోతే మార్చేయండి, చిన్న ఖర్చే. పాత డీజిళ్ళలో బ్రీదర్ గొట్టం బయటికే వదిలి ఉంటుంది. గొట్టం విప్పి, లోపల జిడ్డు కడిగి, ఇంజిన్ నడిపి చూడండి. సన్నటి ఆవిరి వస్తే ఫరవాలేదు. గుప్పుగుప్పుమని పొగ కొడుతూ ఉంటే రింగులు అరిగాయి. అది వేరే కథ, తర్వాత చెప్తాను.

మీలో అంబాసిడర్ మీద ఎవరైనా పనిచేశారా? లేదు, మీ వయసుకి దొరకదు. 2014 దాకా కూడా తయారయ్యాయి ఆ కార్లు. పాత 1489 సి.సి. పెట్రోల్ అంబాసిడర్లలో క్రాంక్ వెనక రబ్బరు సీలే ఉండేది కాదు. క్రాంక్ మీదే మర లాంటి గాడి చెక్కి ఉండేది. క్రాంక్ తిరుగుతుంటే ఆ గాడి ఆయిల్‌ని తిరిగి ఇంజిన్ లోపలికి తోసేది. దానికి సాయం బ్రీదర్. బ్రీదర్ మూసుకుంటే ఆ బండి వెనకనుంచి కారక తప్పదు. సీల్ లేని చోట సీల్ ఎలా మారుస్తారు? ఆ బండి మీద పనిచేసినవాళ్ళందరూ ముందు బ్రీదర్ చూడటం అక్కడే నేర్చుకున్నారు.

ఇంకొకటి, ఆయిల్ ఎక్కువ పోసినా కారుతుంది. పై గీత దాటి పోస్తే క్రాంక్ దాన్ని చిలుకుతుంది, నురగ వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. కొందరు ప్రేమతో అర లీటరు ఎక్కువ పోస్తారు. ముందు డిప్‌స్టిక్ చూడండి, తర్వాతే పానా పట్టుకోండి.

చేతికి అందే చోట్లు

నా దగ్గరికి లీకుతో వచ్చే బళ్ళలో చాలావాటికి పోయేది చేతికి అందే చోటే. ఆయిల్ మార్చిన వారంలోపే కారితే డ్రెయిన్ నట్టు, ఫిల్టరు. ఈ రెండూ ముందు.

డ్రెయిన్ నట్టుకి రాగి వాషర్ గానీ అల్యూమినియం వాషర్ గానీ ఉంటుంది. అది నలిగి కూర్చుంటేనే లీకు ఆగుతుంది. ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా నలగదు. కొత్తది వేయండి. వాషర్ వేయకుండా పానాకి పైపు తగిలించి బిగిస్తే ఏమవుతుంది? అల్యూమినియం ఛాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, థ్రెడ్డు పోతుంది. థ్రెడ్డు పోయినా ఛాంబర్ పారేయక్కర్లేదు, హెలికాయిల్ అనే తీగ చుట్ట వేసి కొత్త థ్రెడ్డు కూర్చోబెట్టొచ్చు. లోహపు రజను లోపల పడకుండా, థ్రెడ్డు కోసే ట్యాప్‌కి గ్రీజు రాసి, మెల్లగా, మధ్యమధ్యలో తీసి తుడుస్తూ తిప్పండి. అయ్యాక కాస్త ఆయిల్ పోసి కడగండి.

ఫిల్టరుది చాలా ప్రమాదం. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతుంది ఒక్కోసారి. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. స్టార్ట్ చేయగానే బాగానే ఉంటుంది. రోడ్డెక్కి ఇంజిన్ గట్టిగా తిరిగితే జారి, కొద్ది నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు మీద పోతుంది. పాత ఫిల్టరు చేతిలోకి రాగానే దాని రింగు దానికే ఉందా అని చూడండి. ప్రతిసారీ చూడండి. కొత్త రింగుకి ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు. అంతే. పానా అక్కర్లేదు.

ఇక ఆయిల్ ప్రెషర్ లైటుని వెలిగించే స్విచ్చి. దాని లోపలి పొర చిరిగితే ఆయిల్ వైరు తగిలించే చోటు నుంచి వస్తుంది. కనెక్టర్ పీకి చూడండి, లోపల ఆయిల్ నిండి ఉంటే దొంగ దొరికినట్టే. పది నిమిషాల పని. ఒక జాగ్రత్త, ఒకే వైరున్న స్విచ్చికి ఎర్తు థ్రెడ్డు ద్వారానే అందుతుంది. టెఫ్లాన్ టేపు మందంగా చుడితే లీకు ఆగుతుంది, లైటు కూడా ఆగిపోతుంది. లైటు పనిచేయని ఇంజిన్ కళ్ళు లేని ఇంజిన్.

ట్యాపెట్ కవర్. చాలామంది నట్లు ఇంకా బిగిస్తే ఆగుతుందని బిగిస్తారు. రబ్బరు ప్యాకింగ్ గట్టిపడి ప్లాస్టిక్‌లా అయ్యాక ఎంత బిగించినా ఆగదు, రేకు కవర్ వంకర పోతుంది. చిన్న కార్లలో ఈ నట్లకి 10 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంటుంది బిగువు, మణికట్టుతో తిప్పే బలం అది. కొత్త ప్యాకింగ్ వేసి, మధ్య నుంచి బయటికి, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించండి. ఇంజిన్ ముందు వైపు కవర్, హెడ్డు కలిసే మూలల్లో మాత్రం సిలికాన్ బొట్టు ఒక్కటి పెట్టండి. మా జీపులో కారింది కూడా ఒక మూల నుంచే, వెనక మూల.

ఛాంబర్ ప్యాకింగ్‌కి చాలా బళ్ళలో ఇంజిన్ దించక్కర్లేదు, కింద నుంచే వస్తుంది. కొన్నింటికి అడ్డంగా క్రాస్ మెంబర్ అనే దూలం ఉంటుంది, ఇంజిన్‌ని కొంచెం ఎత్తి పట్టుకుంటే చాలు. రేకు ఛాంబర్ విప్పాక బోల్టు రంధ్రాల చుట్టూ చూడండి. ఎవరో గట్టిగా బిగించడం వల్ల రేకు పైకి ఉబ్బి ఉంటుంది. అలాగే వేస్తే రంధ్రాల దగ్గర తగులుతుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది. చెక్క ముక్క మీద బోర్లించి చిన్న సుత్తితో చదును చేయండి. నేను చూసిన చాలా ఛాంబర్ లీకులు ఆ సుత్తి దెబ్బలతోనే ఆగాయి. జాకీ ఒక్కటే నమ్మి బండి కిందికి మాత్రం వెళ్ళకండి బాబూ. స్టాండు పెట్టండి, చక్రాలకి అడ్డు పెట్టండి.

సిలికాన్ గురించి గట్టిగా చెప్పాలి. ఆటోనగర్‌లో అందరి జేబులోనూ అనాబాండ్ ట్యూబు ఉంటుంది. మంచి మందే. కానీ ఎక్కువ పెడితే మంచిదనుకుంటారు. రెండు రేకుల మధ్య నుంచి బయటికి ఎంత పొంగిందో, లోపలికి కూడా అంతే పొంగుతుంది. బయటిది మీరు తుడుస్తారు. లోపలిది ఎవరు తుడుస్తారు? అది కొన్నాళ్ళకి ఊడి, ఛాంబర్ అడుగున పడి, పంపు పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ ఉంటుంది, ప్రెషర్ ఉండదు. బేరింగులు పట్టేస్తాయి. చుక్క ఆపబోయి ఇంజిన్ పోగొట్టినట్టు. సన్నటి దారం లాగా, బోల్టు రంధ్రానికి లోపలి పక్కగా గీయండి. జిడ్డు ఒక్క చుక్క లేకుండా పెట్రోల్‌తో తుడిచాకే పెట్టండి. పైన పొర కట్టినంత మాత్రాన గట్టిపడినట్టు కాదు. వీలైతే 24 గంటలు ఆగి ఆయిల్ పోయండి. ఓనరు తొందరపెడితే ఎందుకు ఆగాలో ఓపికగా చెప్పండి.

రాయి తగిలి ఛాంబర్ పగిలితే? దారిలో ఉంటే ఆయిల్ తీసి, పెట్రోల్‌తో తుడిచి, గరుకు కాగితంతో గీసి ఎం-సీల్ పెడితే ఊరు చేరొచ్చు. ఊరు చేరడానికే అది. తర్వాత వెల్డింగో, కొత్తదో.

ఇప్పుడు సీళ్ళు. బైకు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. స్ప్లెండర్ లాంటి బళ్ళలో కిక్ రాడ్ దగ్గర, గేర్ రాడ్ దగ్గర ఆయిల్ కారుతుంది. కవర్ విప్పాలి, ప్యాకింగ్ మార్చాలి అంటారు. అక్కర్లేదు. కిక్ కుడివైపు ఉంటుంది. బండి సైడ్ స్టాండు మీద ఎడమకి వాలి ఉంటుంది కాబట్టి ఆయిల్ అటు పోతుంది, మీకు కుడివైపు పని చేయడానికి వీలు. గేర్ సీల్ ఎడమవైపు, దానికి బండిని కుడికి గోడకి వాల్చుకోండి. లివర్ తీసి, సీల్ రబ్బరులోకి చిన్న స్క్రూ గుచ్చి, ప్లయర్‌తో లాగండి. రాడ్‌కి గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది, అందుకని స్క్రూ రాడ్‌కి తగలనివ్వకండి. కొత్త సీల్ ఎక్కించేముందు రాడ్ పళ్ళ మీద ఇన్సులేషన్ టేపు చుట్టి ఆయిల్ రాయండి. లేకపోతే ఆ పళ్ళు సీల్ పెదవిని కోసేస్తాయి. ఎక్కాక టేపు తీసేసి, సీల్ సైజు సాకెట్ పెట్టి సమంగా కొట్టండి.

కారు క్రాంక్ ముందు సీల్‌దీ అదే పద్ధతి, పుల్లీ తీస్తే కనిపిస్తుంది. టైమింగ్ బెల్టున్న ఇంజిన్ అయితే ఆయిల్ తడిసిన బెల్టు మళ్ళీ వాడకండి. సీల్ తీశాక క్రాంక్ మీద గోరు పెట్టి చూడండి. గాడి తగులుతోందా? ఏళ్ళ తరబడి ఒకే చోట రుద్దుకుని పడ్డ గాడి అది. వీలుంటే కొత్త సీల్‌ని ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి, పెదవి నున్నటి చోట పడుతుంది. గాడి లోతుగా ఉంటే పైన తొడిగే స్లీవులు దొరుకుతాయి. ఎస్.కె.ఎఫ్. వాళ్ళ స్పీడీ స్లీవ్ మందం 0.28 మిల్లీమీటర్లు, అదే సైజు సీల్ దాని మీదే కూర్చుంటుంది. క్రాంక్ దించి గ్రైండింగ్‌కి పంపక్కర్లేదు.

వెనక సీల్‌కి గేర్‌బాక్స్ దించాలి, నిజమే. చాలా బళ్ళలో ఇంజిన్ మాత్రం దాని చోటే ఉంటుంది. కానీ దానికి ముందు పైన చెప్పినవన్నీ చూశారా? పైన పొడిగా ఉండి, బ్రీదర్ బాగుండి, బెల్ హౌసింగ్ లోపలి నుంచే వస్తోందని మీ కళ్ళతో చూస్తేనే గేర్‌బాక్స్ మీద చెయ్యి వేయండి.

ఆయిల్‌లో కలిపే మందుల సంగతి అడుగుతారు. అవి గట్టిపడిన రబ్బరుని కాస్త మెత్తబరుస్తాయి, ఉబ్బిస్తాయి. చెమర్చే సీల్‌కి కొంతకాలం పనిచేయొచ్చు. కాగితం ప్యాకింగ్‌కి, పగుళ్ళకి, థ్రెడ్డు పోయిన చోట పనిచేయవు.

దించాల్సిన చోట దించాల్సిందే, అది కూడా చెప్పాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్ళు కలిశాయి, చాలాసార్లు హెడ్డు విప్పాలి. బ్రీదర్ నుంచి గుప్పుగుప్పుమని పొగ వస్తుంటే రింగులు అరిగాయి, ఏ సీల్ మార్చినా నిలవదు. బ్లాకు పగిలితే సిలికాన్ పూసి ఓనరుకి అప్పగించకండి. దించాలని చెప్పండి, ఎందుకో చూపించి చెప్పండి.

పని అయ్యాక మళ్ళీ కడగండి. ఇరవై నిమిషాలు నడపండి, కింద అట్ట వేయండి, రాత్రంతా ఉంచండి. తీసిన పాత ఆయిల్ మురిక్కాలవలో పోయకండి, డబ్బాలో పోసి కొనేవాళ్ళకి ఇవ్వండి. పొద్దున అట్ట ఓనరుకి చూపించండి.

ఇంతసేపు ఓపికగా విన్నారు. ఇప్పుడు షెడ్డు దగ్గరికి వెళ్దాం. టార్చ్ ఉన్నవాళ్ళు తీసుకోండి. ముందు అట్ట మీద చుక్కలెన్ని ఉన్నాయో ఒకరు లెక్కపెట్టండి. ఇంకొకరు అద్దం పట్టుకుని ఇంజిన్ వెనక వైపు చూడండి, తడి ఎంత పైదాకా ఉందో చెప్పండి. నేను మాట్లాడను. ఎక్కడినుంచి కారుతోందో ఆ ఓనరు గారికి మీరే చెప్పాలి, ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు.